మా మేనత్త ఎత్తుకొచ్చిన మన్ను

నా చిన్నప్పుడు మా మేనత్తను ఊరంతా మన్ను దొంగ అన్నది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముందు కోపం వస్తుంది, ఆ వెనకే నవ్వు వస్తుంది. దొంగతనమే అనుకుంటే అనుకోండి. ఆ దొంగసొత్తు తిని పెరిగినదాన్ని నేను, నాకేమీ సిగ్గు లేదు.

మేనత్త మా నాయనకు అక్క. చిన్న వయసులోనే మామ పోతే పుట్టింటికి వచ్చేసి, మా నాయనతో సమానంగా సేద్యం చేసేది. మాకు సొంత భూమి లేదు. పాన్‌గల్ దగ్గర ఒక పటేలు చెల్కను కౌలుకు పట్టాం. ఎర్రనేల, వానే ఆధారం. మేము పట్టిన ఏడాది నాగలి దిగక ఎడ్లు మోకాళ్ల మీద పడ్డాయట. మేనత్త పట్టు వదిలే మనిషి కాదు. ఎండాకాలంలో ఎరువు కోసం చేన్లో గొర్ల మందలు పెట్టించింది. కానుగ రొట్ట, తంగేడు రొట్ట కోసి పరిపించింది. జొన్న కొయ్యకాళ్లకు ఎవరన్నా అగ్గి పెట్టబోతే ఆ మనిషి మీద ఇంతెత్తున లేచేది. కొన్నేళ్లకు ఆ నేల చేతిలో పట్టుకుంటే పొడిపొడిగా రాలేది. తొలకరికి ఎక్కడ తవ్వినా వానపాములు, తెల్లటి బూజు దారాలు, పేరు తెలియని పురుగులు కనిపించేవి. పల్లి చేను కళకళలాడేది.

కళకళలాడింది కాబట్టే పటేలు కన్ను పడింది. ఉగాది ముందు మనిషిని పంపి, ఈ ఏడు నుంచి మేమే చేసుకుంటాం, మీరు వదిలేయండి అని చెప్పించాడు. నోటిమాట కౌలు, అడిగే దిక్కు లేదు. మా నాయన తల వంచుకుని సరే అన్నాడు. మేనత్త మాత్రం మర్నాడు పొద్దున్నే పార, గంప తీసుకుని నన్ను వెంటబెట్టుకుని ఆ చెల్కకే పోయింది. పైమన్ను పక్కకు తోసి, పల్లి వేర్లు ఆడిన చోట లోపలి మన్నును గంపలకు ఎత్తసాగింది. అంతలో పటేలు గట్టు మీదికి వచ్చాడు. పక్క చేన్లవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు.

“ఏందే, నా మన్ను ఎత్తుకపోతున్నవ్?” అన్నాడు.

మేనత్త గంప కింద పెట్టలేదు. “పొలం నీది పటేలా, ఉంచుకో. దీన్ల పానం పోసింది మేము. జరంత మా పానం మేం తీస్కపోతున్నం” అంది.

ఆయన పడీ పడీ నవ్వాడు. మన్ను మోసుకుపోయే పిచ్చిదాన్ని ఆపడం ఎందుకనుకున్నాడో ఏమో, పోనిచ్చాడు. సాయంత్రానికి ఊళ్లో మన్ను దొంగ అన్న పేరు స్థిరపడింది. అది విని మేనత్త, పేరైతే పెట్టిండ్రు గానీ మన్ను మాత్రం వాపసు అడగలేదు గదా అంది.

కోడేరు వైపు ఒక రాళ్ల చెల్క కౌలుకు దొరికింది. మేకలు కూడా మూతి పెట్టని నేల అది. అక్కడ పల్లి పండకపోతే మాకు ఒక్కటే దారి, కూలీలను తోలుకుపోయే మేస్త్రీ వెంట లారీ ఎక్కి ఎక్కడో ఆనకట్టల మట్టిపనికి పోవడం. పోతే అందరం పోవాలి. నా బడి కూడా అక్కడితో సరి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు గానీ, రాత్రిళ్లు అమ్మా నాయనా గుసగుసలాడుకుంటుంటే అన్నీ వినేదాన్ని.

తెచ్చిన మన్నును మేనత్త చూరు కింద పాత కుండల్లో పోసి, తడి గోనె కప్పింది. రోజూ నీళ్లు చిలకరించే పని నాకు పెట్టింది. ఒకనాడు ఆటల్లో పడి గోనె కప్పడం మరిచిపోతే చెవి మెలిపెట్టి, “ఎండ తగిలితే సచ్చిపోతయే!” అని తిట్టింది. ఏవి చచ్చిపోతాయని ఏడుస్తూ అడిగాను. కంటికి కనబడవు గానీ ఉన్నాయంది. పాలల్ల తోడు వేసినప్పుడు పెరుగు చేసేది నీకు కనబడుతుందా, ఇదీ అంతే, కొత్త నేలకు పాత నేల తోడు వేయాలంది. ఆమెకు ఇది వాళ్ల అవ్వ చెప్పిందట.

వానలు పడ్డాక విత్తనాలను ఆ తడి మన్నులో పొర్లించి విత్తుదామంటే మా నాయన ఒప్పుకోలేదు. మన్నులో మన్ను కలిపితే ఏమొస్తుందని వాదన. ఇద్దరూ మొండివాళ్లే. చివరికి మేనత్త తన మన్ను అందినంత మేర తన పద్ధతిలో విత్తింది, మిగిలిన మూల నాయన ఉత్త విత్తనాలే విత్తాడు. పూత వేళకు రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా కనిపించింది. మేనత్త వైపు చేను నల్లగా అనిపించేంత పచ్చన, నాయన మూల కామెర్లు వచ్చినట్టు పసుపు.

మా నాయన కళ్లు మాత్రం ఆ పసుపు మూల మీదే ఉన్నాయి. భయపడ్డ మనిషికి అదే కనిపిస్తుంది. మేస్త్రీని పిలిపించాడు. ఆయన వాకిట్లో కూర్చుని లారీ ఎప్పుడొస్తుందో చెబుతుండగా మేనత్త చేను నుంచి వచ్చి, రెండు పల్లి మొక్కలు వేర్లతో సహా నాయన ముందు పడేసింది. ఒకదాని వేర్లు దారాల్లా నున్నగా ఉన్నాయి. రెండోదాని వేర్ల నిండా ఆవగింజలంత బుడిపెలు. ఒక బుడిపెను గోటితో నొక్కి చీల్చి చూపించింది. లోపల లేత ఎరుపు.

“సూడు తమ్మీ, నెత్తురు లెక్క ఎర్రగున్నది. పానంతోని ఉన్నయ్. నేను తెచ్చిన మన్ను పని చేస్తున్నది. మేమెవ్వరం రాము, పోతే నువ్వొక్కనివే పో.”

నాయన ఆ వేరును చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తర్వాత లేచి మేస్త్రీకి మజ్జిగ ఇచ్చి, ఈ ఏడు రామని చెప్పి పంపేశాడు. పంట ఇల్లు నింపిందని అనను గానీ, మమ్మల్ని ఊళ్లో నిలబెట్టింది. నేను బడికి పోయాను. పటేలు చెల్క తర్వాత ఏమైందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయని పెద్దయ్యాక విన్నాను. బదులుగా మొక్క వాటికి తన తీపిలో వాటా పెడుతుందట. వానపాము దారి చేస్తే వాన నీళ్లు దిగుతాయి, బూజు దారాలు వేరు అందుకోలేని చోటి నుంచి సత్తువ తెచ్చి పెడతాయి. ఇదంతా నాకు కొత్తగా అనిపించలేదు. చెవి మెలిపెట్టించుకుని నేర్చుకున్న చదువు మరి! అందుకే మొన్నామధ్య నా కొడుకు మక్క కొయ్యకాళ్లకు అగ్గి పెడతానంటే చేనుకు అడ్డం కూర్చున్నాను. వాడు అలిగి రెండు పూటలు తిండి మానేశాడు. మానితే మానాడు. మూడో పూటకు వాడే వచ్చి తిన్నాడు.

పెళ్లయి వచ్చేటప్పుడు సారెతో పాటు మేనత్త నాకు ఆ తోడు మన్నే ఒక కుండెడు ఇచ్చింది. అత్తగారింట్లో అందరూ నోరు నొక్కుకున్నారు. ఆ మన్నుతోనే ఇక్కడి చెల్కను బతికించుకున్నాను. ఈ ఏడు కాలువ తవ్వడానికి ఆ చెల్కను సర్కారు తీసుకుంది. కాలువకు సున్నం గీతలు వేస్తున్న పిల్లవాడు నేను గంపకు మన్ను ఎత్తడం చూసి, మన్ను ఏం చేసుకుంటావు పెద్దమ్మా అని మర్యాదగానే అడిగాడు. మా పానం మేం తీస్కపోతున్నం బిడ్డా అన్నాను. అతనికి అర్థం కాలేదు.

తడి గోనె కప్పి గంప నెత్తికెత్తుకున్నాను. ఈ వయసులో మెడ నొప్పి పుట్టింది, అయినా దించలేదు. పటేలు ఆనాడు తనదే అనుకున్న చేను ఆ గంపలో ఉంది.