కొంగు చాటు రొట్టె

కందులు అమ్మడానికి తాండూరు వచ్చినప్పుడల్లా అమ్మ నాకు హోటల్లో ఇడ్లీ ఇప్పించేది. తను మాత్రం ఇంట్లో కాల్చి తెచ్చిన జొన్నరొట్టెను కొంగు చాటున తుంచి, నా సాంబారులో అద్దుకొని తినేది. "జర సాంబారు అడుగు బిడ్డా" అని మోచేత్తో పొడిచేది.

ఒకసారి హోటలాయన చూశాడు. "రొట్టె బల్ల మీద పెట్టుకొని తిను అక్కా, ఏం గాదు" అంటూ ఆమె ముందు గిన్నెడు సాంబారు పెట్టాడు. తిట్టినా బాగుండేది. "నాది గాదు, బిడ్డది" అంది అమ్మ, రొట్టెను నా ఒళ్లోకి తోసి.

ఆ తర్వాత ఆమె ఆ హోటల్లోకి రాలేదు. నన్ను లోపలికి పంపి, మెట్ల మీద అటు తిరిగి కూర్చునేది. ఆ వీపును చూస్తూ, మళ్లీ సాంబారు అడగకుండానే ఇడ్లీ తినేసి లేచేదాన్ని.

బయటికి రాగానే అడిగేది: "సాంబారు మల్ల పోయించుకున్నవా?"

"పోయించుకున్న" అనేదాన్ని, ఆమె ముఖం చూడకుండా.