బటన్ నొక్కంగనే నవ్వే తమ్ముడు

బోధన్‌ల మా తమ్ముడు ఫోటో స్టూడియో నడిపేటోడు. పోయినేడు గుండెపోటుతోని పోయిండు. ఇప్పుడు స్టూడియో నేనే చూసుకుంటున్న.

కంప్యూటర్ ఆన్ చేయంగనే కంపెనీ గుర్తుకు బదులు తన నవ్వు మొఖం వచ్చేటట్టు వాడు పెట్టుకున్నడు. రోజు పొద్దుగాల మమ్ముల కన్న అవ్వ స్టూడియోకొచ్చి, నేను బటన్ నొక్కంగనే ఆ మొఖం చూసి "లేసినవా బిడ్డా" అనేది.

మొన్న ఎండకాలం కంప్యూటర్ ఊకె ఆగిపోతుంటే బటన్ నొక్కంగనే కంప్యూటర్‌ను లేపే బయోస్ ప్రోగ్రాంకు అప్‌డేట్ పెట్టిన. సగంల కరెంటు పోయింది. మల్ల స్క్రీన్ వెలగనే లేదు. నిజామాబాద్ తీస్కపోతే, రిపేరు చేసే అన్న మదర్‌బోర్డు మీది చిన్న చిప్పు లోపల ఉన్నదంత చెరిపి, కొత్తగ ఎక్కించిండు. "మీ ఫోటోలన్నీ భద్రంగున్నయక్కా" అన్నడు.

సంబురంగ తెచ్చి అవ్వ ముందల ఆన్ చేసిన. కంపెనీ గుర్తు వచ్చింది. తమ్ముని మొఖం ఉన్నది ఆ చెరిపిన చిప్పు లోపలనేనట!

అదే ఫోటో వెతికి స్క్రీన్ నిండ పెట్టిన. అవ్వ చానసేపు చూసింది.

"గిది నువ్వు పెట్టినవ్ బిడ్డా. గప్పుడైతే వాడే లేసొస్తుండె" అన్నది.

ఇప్పుడు అవ్వ స్టూడియోకు వస్తలేదు. నేను బటన్ నొక్కి, ఆ కంపెనీ గుర్తు పోయేదాక కండ్లు మూసుకుంటున్న.