రమకు ఎరుకలేని సంగతి

మా చిన్నప్పుడు నాచారంలో గట్టి వాన పట్టిందంటే బడిలో పాఠం ఆగిపోయేది... రేకుల మీద ఆ చప్పుడుకి సారు గొంతు వినపడేది కాదు. లోపలికి నీళ్లొస్తుంటే మేం బెంచీల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఇదే సందని కొట్లాటలు పెట్టుకునేవాళ్లం.

కొట్లాటలకు మా తెలుగు సారు దగ్గర ఒక మందుండేది. బెత్తం కాదు. కొట్లాడిన ఇద్దరినీ ముందు నిలబెట్టి, ఒకరి కథ ఇంకొకరితో చెప్పించేవారు... అదీ 'నేను' అంటూ! ఎవరిలా కథ చెప్తే వాళ్ల కళ్లతోనే చూడాలి, వాళ్లకు తెలిసిందే చెప్పాలి. అది పాఠమని మాకేం తెలుసు... మస్తు తమాషాగా ఉండేది.

ఆరో తరగతిలో నా వంతు వచ్చింది. మా నాయిన ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, ఉప్పల్ పోయి నాకోసం పూల గొడుగు కొనుక్కొచ్చాడు. దాని మీద ఇంకా ఒక్క చినుకు పడలేదు... పక్క బెంచీ సుజాత అడగకుండా పట్టుకుపోయింది. మర్నాడు తెచ్చిచ్చేసరికి పుల్లలు విరిగి ఉన్నాయి. నాకు ఒళ్లు మండి, అందరి ముందూ 'దొంగ' అనేశాను.

సారు ఇద్దరినీ లేపారు. "రమా, ఇప్పుడు నువ్వు సుజాతవు. చెప్పు."

నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టాను. "నేను సుజాతను. నాకు గొడుగు లేదు. ఎవ్వలది కనవడితే వాల్లది ఎత్తుకపోత. మా అమ్మ నాకు గట్లనే నేర్పింది."

క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు నాకు తియ్యగానే అనిపించింది... సారు మాత్రం నవ్వలేదు.

తర్వాత సుజాత. తల వంచుకుని, "నేను రమను... నిన్న మా తమ్మునికి..." అంది.

"ఆగు," అన్నారు సారు. "నువ్వు రమవు గదా? మీ తమ్ముని సంగతి రమకు ఎర్కలేదు. ఆమెకు తెల్సిందే చెప్పాలె."

సుజాత ఆ మాట మింగేసింది. మళ్లీ మొదలుపెట్టింది.

"నేను రమను. మా నాయిన నాకు కొత్త గొడుగు తెచ్చిండు. ఒక్క వానకు గుడ్క పట్టలే. గది ఇరిగితే నాకు మస్తు ఏడుపొచ్చింది. సుజాత అడిగుంటే నేనే ఇస్తుంటి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు... అడిగితే ఇచ్చేదాన్నా? ఛస్తే ఇచ్చేదాన్ని కాదు. ఆ సంగతి తనకూ తెలుసు.

గంట కొట్టాక, తమ్ముడికి ఏమైందే అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. సిగ్గుతో తల తిప్పుకున్నాను. రేపు అడుగుదాంలే అనుకున్నా... రేపు ఎల్లుండైంది. సెలవులయ్యాక చూస్తే, వాళ్లు బోడుప్పల్ దిక్కు ఇల్లు మారిపోయారన్నారు.

మొన్న మా పాపకు ఈ కథ చెప్పాను. అంతా విని, "మరి ఆ తమ్ముడికి ఏమైంది మమ్మీ?" అంది. తెలియదన్నాను. "నువ్వు అడగలేదా?" అంది.

ఆ రేకుల బడి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది. ఎవరి కథ వాళ్లే ఫోన్లలో చెప్పుకునే రోజులివి... నేనూ ఇక్కడ చేస్తున్నది అదే. ఎదుటివాళ్ల నోటితో మన కథ వినిపించే సార్లు ఇప్పుడెక్కడున్నారు?

మీరూ ఎవర్నైనా అడగాల్సింది అడగకుండా వదిలేసి ఉంటే, కింద రాయండి... వాళ్ల కంట పడుతుందేమో.

సుజాతా, నువ్వెక్కడున్నా సరే... ఆ రోజు మీ తమ్ముడికి ఏమైందే?