కుక్కని లోపల కట్టమన్న రోజు

ఆషాఢం చివర్లో ఒక మధ్యాహ్నం పడవ మమ్మల్ని వశిష్ట గోదావరి ఏటిగట్టు కింద దింపింది. సన్నగా చినుకు పడుతోంది. బంకమట్టి చెప్పుల్ని లాగేసుకుంటుంటే సగం మందిమి వాటిని చేత్తో పట్టుకుని గట్టెక్కాం. పైన పెంకుటి కొట్టు ఒకటి ఉంది. ఒకే గది, ఒకే తలుపు, ముందు ఇరుకు వసారా. అంతకుముందు గట్టుపనుల వాళ్ళు పారలూ తట్టలూ దాచుకున్న చోటు. ఇకనుంచి అది మా ఠాణా.

ఆనకట్ట కట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. సిపాయిలం ఎనిమిది మందిమి. మా పైన ఒక నాయక్, ఆయన పైన జమేదారు. వరదలు తగ్గేదాకా ఏటిగట్టు కాపలా కాయమని హుకుం.

గట్టుకి ఒక పక్క నది, మరో పక్క పొలాలూ, పొలాల మొదట్లో ఒక పడవవాళ్ళ పల్లె. వరద వచ్చినప్పుడు నది ఆ ఇళ్ళ కప్పుల కంటే ఎత్తున పారుతుంది. అవతలి ఒడ్డున పెద్ద ఎస్టేటు భూములు. ఒక ఒడ్డుకి గండి పడితే రెండో ఒడ్డు మీద ఒత్తిడి తగ్గుతుంది. అందుకే వరద రోజుల్లో రెండు ఒడ్డుల వాళ్ళూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. మొదటి సాయంత్రం జమేదారు మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు.

"నీళ్ళని చూడ్డానికి లస్కర్లున్నారు. మీరు మనుషుల్ని చూడండి. చేతిలో పార ఉన్నవాణ్ణి చూస్తే ముందు పట్టుకోండి, తర్వాత అడగండి."

ఆయన మాకు తండ్రిలాంటివాడు. రాజమహేంద్రవరంలో నాకు జ్వరం వస్తే తన గొంగడి నాకు కప్పి తాను ఉత్త నేల మీద పడుకున్నాడు. ఈ సంగతి ముందే చెప్పాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

పల్లెలో మొదటి ఇల్లు మంగమ్మది. భర్త లేడు. కూతురు పురిటికి వచ్చి చంటిబిడ్డతో అక్కడే ఉంది. మంగమ్మ మాకు మజ్జిగ తెచ్చి పోసేది. రెండో రోజు మజ్జిగతో పాటు ఎర్రటి కుక్కని తాడు కట్టి తీసుకొచ్చింది. దాని పేరు ఎర్రోడు.

"ఇంత గట్టు మీరేం చూస్తారండి. దీన్ని ఉంచుకోండి. కొత్తమనిషి అడుగు పడితే ఊరుకోదు. ఇది అరిస్తే మా పల్లంతా లేస్తాది."

"అంటే కాపలా మాకు కాదు, మీకన్నమాట," అన్నాడు నాయక్ దేవసహాయం.

"ఎవరికైతే ఏంటండీ, గట్టు ఒకటేగా. ఒక్క మాటండి. దీన్ని బయటే కట్టండి. లోపల పెడితే దానికి గాలీ తెలీదు, వాసనా తెలీదు. మా ఇంట్లో కూడా గడప దాటనివ్వం."

జమేదారు కుక్క తల మీద చెయ్యి పెట్టాడు. "పూచీ నాదమ్మా. దీని చోటు గట్టే."

కొట్టుకి కొంచెం దూరంలో గట్టు నది వైపు వంపు తిరుగుతుంది. నీళ్ళు తగిలేది అక్కడే. ఆ వంపులో గుంజ పాతి పొడుగాటి తాడుతో ఎర్రోణ్ణి కట్టాం.

దేవసహాయానిది నరసాపురం. మిషన్ బడిలో చదువుకున్నాడు. ఆదివారం పూట ఒక్కడే గట్టు చివర కూర్చుని తన పుస్తకం చదువుకునేవాడు. కుక్క వానలో తడవడం ఆయన చూడలేకపోయాడు. ఆ వాదన రోజూ జరిగేది.

"వణికిపోతోంది జమేదారు గారూ. వసారాలోకైనా తెద్దామండీ."

"నీ తుపాకి వసారాలో పెట్టి కాపలాకి పోతావా?"

"తుపాకికి చలెయ్యదండి."

మాలో వంట చేసే సిపాయి అందుకునేవాడు. "ఇవాళ వసారా అంటారు, రేపు గదంటారు. ఎల్లుండి నా పొయ్యి పక్కన దానికి పక్క పరవమంటారు."

"పొయ్యి పక్కకి నన్నే రానివ్వవు. దాన్నెలా రమ్మంటానయ్యా," అనేవాడు దేవసహాయం నవ్వుతూ. మేమూ నవ్వేవాళ్ళం. ఆయన కంచం వసారాలోనే ఉండేది. జల్లు కొడితే కంచానికి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని తినేవాడు. ఎర్రోడి ముద్ద కూడా ఆ కంచంలోంచే వెళ్ళేది.

ఒకసారి గట్టుపనుల దొర తనిఖీకి వచ్చాడు. బురద అంటకుండా ఆయన కుక్కని ఒక బంట్రోతు చంకనెత్తుకుని దింపాడు. దొర మాతో మాట్లాడినంతసేపూ అది పడవ గదిలో మెత్త మీద పడుకుంది. దొర వెళ్ళాక దేవసహాయం ఊరుకోలేదు.

"చూశారా, దొరగారి కుక్క లోపలే ఉంది."

"దానికి ఉద్యోగం లేదోయ్. ఉద్యోగం ఉన్నవాడు బయటే ఉండాలి," అన్నాడు జమేదారు.

ఆ మాట ఒక సాయంత్రం నిజమైంది. అవతలి ఒడ్డు నుంచి చిన్న పడవలో నలుగురు వచ్చి వంపు దగ్గర దిగారు. ఎర్రోడు తాడు తెగేలా గుంజుతూ అరిచింది. మా కంటే ముందు పల్లెవాళ్ళే కర్రలతో గట్టెక్కారు. పడవలో పారలు దొరికాయి. చేపలకి వచ్చామని వాళ్ళు చెప్పుకున్నారు.

"పారతో చేపలు పట్టే ఊరేదయ్యా మీది? నేనూ వచ్చి నేర్చుకుంటాను," అన్నాడు దేవసహాయం.

ఆ రోజు ఆయన కూడా ఒప్పుకున్నాడు, కుక్క బయట ఉండాల్సిందేనని. కానీ వాన మొదలైతే మళ్ళీ వసారా మాట ఎత్తేవాడు.

శ్రావణంలో నది ఎర్రబడింది. కొట్టుకొచ్చే దుంగలు, గడ్డివాములు, ఒకసారి గుడిసె కప్పు. నీళ్ళు గట్టు అంచుకి రెండు జానల కిందికి వచ్చాయి. పల్లెవాళ్ళు సామాను మూటలు కట్టి పెట్టుకున్నారు గాని ఇళ్ళు వదల్లేదు. గట్టు మీద సిపాయిలున్నారు, కుక్క ఉంది. ఆ ధైర్యం.

ఆ పొద్దున్న అవతలి ఒడ్డు నుంచి ఒక బంట్రోతు వచ్చాడు. దొర కుక్కని చంకనెత్తుకున్నవాడే. జమేదారుని పక్కకి పిలిచి మాట్లాడి, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి తూర్పుగాలి లేచింది. గట్టు మీద తిరిగే నలుగురినీ జమేదారు ఎగువ లాకు దగ్గరికి పంపించాడు. అక్కడ కలప పడవలు కొట్టుకుపోయేలా ఉన్నాయన్నాడు.

దీపం పెట్టే వేళ ఆయనే అన్నాడు. "దేవసహాయం, కుక్కని లోపలికి తెచ్చెయ్యవోయ్. పాపం, తడిసి ముద్దయిపోతోంది."

ఎవరికీ అనుమానం రాలేదు. దేవసహాయం పరుగెత్తి వెళ్ళి ఎర్రోణ్ణి ఎత్తుకొచ్చాడు. తన తలగుడ్డతో తుడిచాడు. వంటవాడు కూడా ఏమీ అనకుండా పొయ్యికి ఇవతల గోనెపట్టా పరిచాడు.

"పెద్దాయన మనసు కరిగింది చూశావా," అన్నాడు దేవసహాయం నాతో.

గాలికి తలుపు ఆగడం లేదంటూ జమేదారు గడియ వేసి, తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

ఎర్రోడు గోనెపట్టా మీద పడుకోలేదు. చెవులు నిక్కించి నిలబడింది. కాసేపటికి తలుపు దగ్గరికి వెళ్ళి గోకడం మొదలుపెట్టింది. తర్వాత అరిచింది. పెంకుల మీద వాన మోతకి ఆ అరుపు గది దాటి ఉండదు.

"అలవాటు లేక. నోరు మూయించండి," అన్నాడు జమేదారు.

దేవసహాయం దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "ఊరుకోరా. లోపలికి రావాలనేగా ఇన్నాళ్ళూ. ఇంకేం కావాలి నీకు?"

అది ఆయన చేతుల్లోంచి జారి మళ్ళీ తలుపు దగ్గరికే పోయింది. అప్పుడు నేల సన్నగా అదిరింది. తర్వాత చప్పుడు వినపడింది, బండలు దొర్లుతున్నట్టు. దేవసహాయం లేచి నిలబడ్డాడు.

"జమేదారు గారూ, తలుపు తియ్యండి."

"గాలోయ్ అది."

"తియ్యండి."

జమేదారు కదల్లేదు. మొహం కూడా ఎత్తలేదు. దేవసహాయం ఆయన భుజం పట్టుకుని పక్కకి లాగేశాడు. పైవాడి మీద చెయ్యి వేస్తే ఏం శిక్షో మా అందరికీ తెలుసు. గడియ తీయగానే కుక్క బయటికి దూకింది. ఆయన లాంతరు అందుకుని దాని వెనకాలే పరుగెత్తాడు. మేమూ వెళ్ళాం.

వంపు దగ్గర గట్టు లేదు. నది పల్లె మీదికి దొర్లుతోంది. ఇవతలి వాలు మీంచి దేవసహాయం కేకలు వేస్తూ కిందికి జారాడు. ముందు కుక్క అరుపు, దాని వెనక ఆయన గొంతు. లాంతరు మొదటి ఇళ్ళ దాకా వెళ్ళడం చూశాం. తర్వాత కనపడలేదు.

ఆ అరుపులకి లేచిన వాళ్ళు చాలామంది గట్టెక్కారు. మంగమ్మ ఎక్కింది. కుక్క ఆమె వెంట వచ్చింది. కూతురూ చంటిబిడ్డా రాలేదు. మూడో రోజు దేవసహాయం దిగువన మొగలిపొదల్లో దొరికాడు. నరసాపురం నుంచి వాళ్ళన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. అవతలి ఒడ్డున వరి ఊడ్పులు సాగుతూనే ఉన్నాయి. గట్టు మీంచి ఆ పచ్చదనం స్పష్టంగా కనపడేది.

దొర వచ్చి గండి చూశాడు. ఎండ్రకాయల బొరియల వల్ల గట్టు గుల్లబారిందన్నాడు. మిగిలిన అంచుని నేనూ చూశాను. పైన మోకాలు లోతు దాకా మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు పార వెడల్పున కోసి ఉంది. నీళ్ళు గట్టుని తొలిచేస్తాయి, మెట్లు కొయ్యవు.

"అవునండి, ఎండ్రకాయలే," అన్నాడు జమేదారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. నేను నోరు తెరవబోతే జమేదారు నా వైపు చూశాడు. దొర అప్పటికే పడవ ఎక్కేశాడు.

వరద తీశాక తిరుగు హుకుం వచ్చింది. బయల్దేరే పొద్దున్న మంగమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఎర్రోడు. జమేదారు ఆమెని దాటి వెళ్ళబోయాడు.

"బయట కట్టమన్నానండి," అంది.

అంతే అంది. గొంతు పెంచలేదు. ఆయన నది వైపు చూస్తూ నడిచాడు.

పడవలో ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రోజు బంట్రోతు ఏం చెప్పాడని అడిగాను.

"కుక్కని లోపల పెట్టమన్నాడు. మనుషుల్ని లాకు దగ్గరికి పంపమన్నాడు."

"ఎందుకని అడగలేదా అండీ?"

"అడిగితే చెప్పేవాడు. తెలిస్తే నేను చెయ్యలేకపోయేవాణ్ణి."

ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. చాకిరీ ముగించుకుని పాలకొల్లు దగ్గర మా ఊరు చేరాను. ఇప్పటికీ వాన పడితే మా ఇంట్లో పిల్లలు కుక్కని లోపలికి తెస్తారు. మా ఆవిడ బయటికి తోలుతుంది. ఎవరి పక్షమో చెప్పమని అందరూ నా వైపు చూస్తారు. నేను పుస్తకంలోంచి తల ఎత్తను.

కొట్టు ఖాళీ చేసేటప్పుడు తలుపు వెయ్యడం నా వంతు అయింది. లోపలి వైపు పలకల నిండా గోళ్ళ గీతలు. కింది నుంచి గడియ దాకా, చెక్క తెల్లగా లేచిపోయేలా. నడుమ మాత్రం కొంత మేర గీత లేదు. అడుగున వెడల్పుగా మొదలై, పైన భుజాల దగ్గర గుండ్రంగా తిరిగి ఉంది. మనిషి వీపు ఆనించి కూర్చున్నంత మేర.