ముందు పడిన ముల్లు

ఆస్పత్రి గేటు దగ్గర ఆమెను అందరూ 'నిదానం' అంటారు. ఎవరెంత తొందరపెట్టినా ఆమె కారు తన నడక తనదే అన్నట్టు పోతుంది. కిడ్నీలు పాడై, రక్తం శుద్ధి చేయించుకోవడానికి వచ్చేవాళ్ళను ఇంటి గుమ్మం నుంచి ఆస్పత్రికీ, మళ్ళీ గుమ్మానికీ చేర్చడం ఆమె పని. సూదులు తీశాక నీరసంతో వాలిపోయే మనిషికి గతుకు తెలియకుండా నడపడం అందరికీ చేతకాదు. అందుకే రోగులు ఆమెనే కోరి పిలుస్తారు.

కారు ఆమె భర్తది. జ్వరమని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. అమ్మేయమని చుట్టాలు తలో మాటా అన్నారు. అత్తగారు మాత్రం, "వాడి బండి వాడి పెళ్ళాం నడపక ఊళ్ళోవాళ్ళు నడుపుతారా?" అని ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూయించింది. అలాగని ఆవిడ వెన్నలాంటి మనిషేం కాదు. కూరలో ఉప్పు మొదలు బట్టల మడతల దాకా కోడలి పనిలో ఏదో ఒక వంక దొరక్కపోతే ఆవిడకు పొద్దు గడవదు.

ఆ కారు ఒకరోజు వంతెన మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది. వెనక సీట్లో ఆస్పత్రి నుంచి ఇంటికి పోతున్న దర్జీ బాబాయి. ఆయన వెనక హారన్ల మోత. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజను ఉలకలేదు, పలకలేదు. కాస్త చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మర్నాడూ అదే వరస.

కార్లు బాగుచేసే బక్కమేస్త్రి ప్లగ్గులు మార్చాడు. పెట్రోలు పంపు మార్చాడు. కంప్యూటరు తగిలించి చూస్తే తప్పేమీ చూపించలేదు.

"అక్కా, నా షెడ్డులో ఉన్నంతసేపూ కొత్త పెళ్ళికూతుర్లా బుద్ధిగా ఉంటుంది. నీ చేతికొచ్చాకే దీనికి దయ్యం పడుతోంది" అన్నాడు తల గోక్కుంటూ.

నవ్వే ఓపిక ఆమెకు లేదు. నీరసపడ్డ మనిషిని ఎండలో నడిరోడ్డు మీద పెట్టుకుని నిలబడాల్సి వస్తే? వేరే బండి చూసుకోమని తనే అందరికీ చెప్పేసింది. దర్జీ బాబాయి, "నీ కారు బాగయ్యేదాకా ఆగమంటే నా ఒళ్ళు ఆగదు కదమ్మా, వేరే దాంట్లో వెళ్తాలే. కానీ నా సీటు ఇంకొకరికి ఇచ్చావో, ఊరుకోను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కారు మళ్ళీ ఆగుతుందో లేదో చూద్దామని బయలుదేరుతుంటే అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తా."

"ఎండలో మీకెందుకత్తయ్యా?"

"ఎక్కడో ఆగిపోతే? తిట్టడానికైనా పక్కన ఒక మనిషుండాలి కదా."

మార్కెట్ రోడ్డులో రెండు చుట్లు తిరిగేసరికి ఇంజను బాగా వేడెక్కింది. ఎత్తు ఎక్కుతుండగా కారు ఆగిపోయింది. ఆమె స్టీరింగు మీద తల వాల్చేసింది.

"ముందు ముల్లు పడింది" అంది అత్తగారు.

"ఏ ముల్లు?"

"ఇదిగో, ఈ ఎడమ పక్క గుండ్రం దాన్లోది. బండి ఇంకా పోతూనే ఉంది. ఇది మాత్రం పండు రాలినట్టు టప్పున పడిపోయింది."

అది ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ముల్లు. బండి చల్లబడ్డాక షెడ్డుకెళ్ళి ఈ మాట చెప్పగానే మేస్త్రి చేతిలో పానా కింద పెట్టేశాడు.

"మామ్మగారూ, సరిగ్గా చూశారా?"

"పప్పులో రాళ్ళు ఏరిన కళ్ళురా ఇవి!"

మేస్త్రి ముఖం విప్పారింది. పెట్రోలు అందక ఆగితే ఆ ముల్లు ఇంజనుతో పాటే మెల్లగా దిగాలి. ఇక్కడ గేరులో ఉన్న ఇంజను ఇంకా తిరుగుతుండగానే సున్నాకి పడింది. అంటే తిరుగుళ్ళు లెక్కపెట్టే సెన్సరుకే వేడికి నోరు పడిపోతోంది. అది పలక్కపోతే ఇంజనే ఆగిందనుకుని కారులోని కంప్యూటరు నిప్పురవ్వనూ పెట్రోలునూ ఆపేస్తుంది.

ఇంజనును మళ్ళీ ఆగిపోయేదాకా వేడెక్కించి, కింద గేరుపెట్టె పక్కనున్న ఆ సెన్సరు మీద చెంబెడు చన్నీళ్ళు పోశాడు. తాళం తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. "దొరికింది దొంగ!" అని అరిచాడు.

దొంగ దొరికినా దాని చోట్లో కూర్చోవలసింది అంత తేలిగ్గా దొరకలేదు. స్పేర్‌పార్టుల దుకాణంలో ఇచ్చిన సెన్సరు పాతదానికి కవలపిల్లలా ఉంది. బిగిస్తే ఇంజను అసలు స్టార్టే కాలేదు. రెంటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాని కొస గోరంత పొట్టి. లోపల తిరిగే పళ్ళచక్రం దానికి అందడం లేదు. ఒకే మోడలు కారుకు మధ్యలో కంపెనీవాళ్ళు ఇంజను మార్చారట.

దుకాణం యజమానురాలు మొహం చిన్నబుచ్చుకుంది. "ఇంజను నంబరు అడక్కుండా ఇచ్చాను, తప్పు నాదే తల్లీ" అని తనకు తెలిసిన దుకాణాలన్నిటికీ ఫోన్లు చేసింది. ఊరి అవతల ఒకచోట ఉందని తెలియగానే, అన్నం ముందు కూర్చున్న మొగుణ్ణి లేపి స్కూటరు మీద పంపింది.

ఈసారి కొస కొలిచి చూసుకున్నాకే మేస్త్రి కారు కిందికి దూరాడు. ఉన్నది ఒక్కటే బోల్టు. వైరు టిక్కుమని కూర్చుంది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

అత్తాకోడళ్ళు మళ్ళీ మార్కెట్ రోడ్డెక్కారు. ఎండ, రద్దీ, ఎత్తు, అన్నీ దాటినా కారు ఆగలేదు.

"అసలు ఆ ముల్లెందుకు చూస్తూ కూర్చున్నారత్తయ్యా?"

"రోడ్డు చూస్తే నాకు గుండె దడ. లారీలన్నీ నా మీదికే వస్తున్నట్టుంటాయి. అందుకే తల దించుకుని ఆ ముళ్ళే చూస్తుంటా."

"అంత భయమైతే మరి ఎందుకొచ్చారు?"

"నీకు మాత్రం భయంగా లేదా ఏంటి?"

ఆమె మేస్త్రికీ, దుకాణం ఆవిడకీ ఎన్ని దండాలైనా పెట్టగలదు. ఇంట్లో మనిషికి కృతజ్ఞత ఏ మాటల్లో చెబుతారు? గేరు మీదున్న చేతిని తీసి అత్తగారి ముడతల చేతిని గట్టిగా పట్టుకుంది.

"చాల్లే, ముందు రోడ్డు చూడు" అంది అత్తగారు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తర్వాతి వారం దర్జీ బాబాయి తన సీట్లో తను కూర్చుని, "నీ కారు రోగం కనిపెట్టిన డాక్టరెవరమ్మా?" అని అడిగాడు.

"మా అత్తయ్య" అంది ఆమె, ఆస్పత్రి గేటు దగ్గర అందరికీ వినబడేలా.