రెండు పైన సున్నా

యేసన్న సారు మా ఊరి బడికి వచ్చింది డెబ్బై మూడులో. కళ్యాణదుర్గంలో బస్సు టాపు మీద నుంచి సైకిలు దించుకుని, మిగతా ఆరు మైళ్లూ తొక్కుకుంటూ వచ్చారు. నలభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆరు, ఏడు తరగతులకు లెక్కలు ఆయనే చెప్పాలని హెడ్మాస్టరు రామదాసు గారు తేల్చేశారు. నిజానికి యేసన్న సారు ట్రైనింగులో లెక్కలు పెద్దగా చదవలేదు. ఆ సంగతి మొదటి రోజే మాకు చెప్పేశారు.

"నేనూ మీతోపాటే నేర్చుకుంటా. నేను ఒగదినం ముందు, మీరు ఒగదినం ఎనక. అంతే తేడా."

డెబ్బై నాలుగులో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఘాతాంకాల పాఠం వచ్చింది. సారు బోర్డు మీద రెండు వేసి, దాని భుజం మీద చిన్నగా మూడు వేశారు. "కింద ఉండే రెండును భూమి అంటారు. పైన ఉండే మూడు ఘాతాంకం."

వెనక వరుసలోంచి ఎర్రప్ప లేచాడు. "రెండెకరాల భూమా సార్?"

క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. "ఇది వాన లేకున్నా పెరిగే భూమి. చూడు."

రెండును మూడుసార్లు రాసి, మధ్యలో గుణకారం గుర్తులు పెట్టారు. మేమందరం నోటుబుక్కుల్లో ఆరు అని రాసుకున్నాం. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూశారు, కోప్పడలేదు. "మూడు రెండ్లు ఆరే. ఇది అది కాదు. రెండు రెండ్లు నాలుగు. ఆ నాలుగు మళ్లా రెండింతలైతే ఎంత?" అని అడుగుతూ అందరినీ ఎనిమిది దాకా తీసుకొచ్చారు.

అప్పుడు నేను లేచి అడిగాను. "పైన సున్నా ఉంటే ఎంత సార్?"

సారు పుస్తకం తిరగేసి చూశారు. ఆ ప్రశ్న మా పుస్తకంలో లేదు. "సున్నాసార్లంటే ఏమీ రాయలేదని గదా. ఏమీ లేకుంటే సున్నానే" అన్నారు. నేను రాసుకున్నాను. ఆయనకు ఆ ప్రశ్న బాగా నచ్చింది. మరుసటేడు పిల్లలకూ హనుమంతమ్మ అడిగిందని నా పేరు పెట్టి మరీ చెప్పారట.

ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో నాకు ఇంగ్లీషు పోయింది. "సదివింది సాలు" అన్నాడు నాయన. నేను చేనికి పోవడం మొదలుపెట్టాను.

తర్వాత జరిగింది మా పక్కింటి తిప్పమ్మ చెప్పగా విన్నాను. డెబ్బై ఆరులో అది ఏడులో ఉంది. ఘాతాంకాల పాఠానికి సారు ఈసారి బసప్ప హోటల్లో పాత న్యూస్‌పేపరు ఒకటి అడిగి తెచ్చుకున్నారట. పేపరును ఒకసారి మడిస్తే రెండు పొరలు, రెండుసార్లు మడిస్తే నాలుగు, మూడోసారికి ఎనిమిది. ఎన్ని మడతలో అది ఘాతాంకం. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మడిచారు. ఆరు మడతలకు అరవై నాలుగు పొరలయ్యాయి. ఏడో మడత ఎంత నొక్కినా పడలేదు. సారు ఇదంతా బోర్డు మీద వరుసగా రాసి, అన్నిటికంటే పైన, సున్నా మడతలకు సున్నా పొరలు అని రాశారు.

తిప్పమ్మ లేచింది. "సున్నా ఎట్లయితాది సార్? మడవకముందు పేపరు ఉండాది గదా. ఒగటి ఉండాది."

సారు సుద్ద పక్కన పెట్టారట. బల్ల మీది పేపరును విప్పి, పరిచి, చూశారు. తర్వాత సున్నా తుడిచి ఒకటి వేశారు. "తిప్పమ్మా, నువ్వు చెప్పిందే రైటు. నేను తప్పు చెప్పినా" అన్నారు.

మర్నాడు కళ్యాణదుర్గం పోయి హైస్కూలు లెక్కల మాస్టర్నీ అడిగారు. ఆయన కాగితం మీద పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు అని రాసి, "ఒక్కొక్క ఘాతం తగ్గితే సగం అయితాంది. రెండులో సగం ఎంత?" అన్నారు. ఒకటే.

"రెండేండ్ల పిల్లోల్లకు తప్పు చెప్పినాను సార్" అని రామదాసు గారితో అంటే, "పరీక్షలో అడగరు గదా, వదిలెయ్ యేసన్నా" అన్నారాయన.

యేసన్న సారు వదల్లేదు. పాత హాజరు పట్టీలు తీసి పేర్లు రాసుకున్నారు. పదిహేడు మంది. ఆదివారం ప్రార్థన ముగించుకుని సైకిలెక్కేవారు. ఒకణ్ని ధర్మవరంలో మగ్గం దగ్గర కలిశారు. ఒకణ్ని గుట్ట మీద గొర్రెల వెనక పట్టుకున్నారు. పెళ్లయి పోయిన పిల్ల కోసం ఆమె అత్తగారి ఊరికి పోతే, ఎవరో ఏందోనని వాళ్లు ముందు కంగారుపడ్డారట.

నా దగ్గరికి వచ్చినప్పుడు చేన్లో వేరుశనగ కాయలు విడిపిస్తున్నాం. వాన అక్కడక్కడా పడిన ఏడు, కుప్ప చిన్నదే. సారు గట్టు మీద సైకిలు ఆనించి వచ్చారు.

"ఏం సార్, ఇంత దూరం వచ్చినారు?" అన్నాడు నాయన.

"నీ కూతురికి ఒగమాట చెప్పల్ల ఓబన్నా." నా వైపు తిరిగి, "హనుమంతమ్మా, నువ్వు అడిగినావే, రెండు పైన సున్నా అని. అది సున్నా గాదమ్మా. ఒకటి" అన్నారు. ఎందుకో కూడా చెప్పారు, నా పైట కొంగునే మడిపించి.

పెద్దవాళ్లు తప్పు ఒప్పుకోవడానికి ఒకరిని వెతుక్కుంటూ రావడం నేనెప్పుడూ చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడినట్టు తుడుచుకున్నాను.

"ఈ పాప అడిగింది నాకు రెండేండ్లకు గానీ తెలీలేదు" అన్నారు సారు నాయనతో. "దీన్ని ఈడ ఎందుకు కూర్చోబెట్టినావప్పా?"

"కాయ విడిపించేదానికి మనుషులు యాడుండారు సార్?"

సారు చొక్కా చేతులు మడుచుకుని మా పక్కనే కూర్చుని, పొద్దు వాలేదాకా కాయలు విడిపించారు. ఆ పని ఆయనకు బాగా వచ్చు.

మార్చిలో పరీక్ష మళ్లా రాస్తానంటే నాయన అడ్డం చెప్పలేదు. ఇంగ్లీషు ముప్పై ఎనిమిదితో పాసయ్యాను. పైకి చదవలేదు గానీ, ఎనభై నాలుగులో ఊర్లో అంగన్‌వాడీ పెట్టినప్పుడు ఆ ఏడో తరగతి కాగితమే నాకు ఉద్యోగం ఇప్పించింది.

సారును చివరిసారి చూసింది ఎనభై ఏడులో, కళ్యాణదుర్గం బస్టాండులో. రిటైరై గుంతకల్లులో కూతురి దగ్గర ఉంటున్నారు. జుట్టంతా నెరిసింది. పదిహేడు మందిలో ఎర్రప్ప ఒక్కడే దొరకలేదని చెప్పారు. కరువుకు వాళ్లిల్లంతా బెంగుళూరు పక్కకు పోయింది. రెండు కార్డులు రాస్తే రెండూ తిరిగొచ్చాయట.

"వాడు ఇప్పుడు మేస్త్రీ అయ్యుంటాడు సార్. వానికి ఆ లెక్కతో ఏం పని?" అన్నాను.

"వానికి పని ఉండాదని గాదమ్మా. చెప్పింది నేను గదా."

గుంతకల్లు బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. నేను ఆయన తువ్వాలు అడిగి తీసుకుని, కిటికీలోంచి ఖాళీ సీటు మీద వేశాను. నింపాదిగా ఎక్కి, దాన్ని భుజాన వేసుకుని కూర్చున్నారు.