పగడాల తొట్టికి గీసిన లైటు ప్లాను

పుంగనూరులో మా అక్కవాళ్ళింట్లో ఉన్న పగడాల తొట్టికి లైటు ప్లాను గీసింది నేనే. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు కొలతల్లో లేదు. నేను ఆ ప్లాను గీస్తున్న రోజుల్లోనే మా బావకు చూపు తగ్గిపోతూ ఉండింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనేమో ఆయన కూర్చుని చూసుకునే తొట్టికి తెల్లని వెలుతురు ఎంత తగ్గించాలా అని స్కేలు పెట్టి గీతలు కొడుతున్నాను.

నేను మదనపల్లెలో ఐటీఐ పిల్లలకు ఎలక్ట్రికల్ చెబుతాను. ఎర్రపెన్ను పట్టిన చెయ్యి ఊరికే ఉండదు, నా నోరూ అంతే. పెళ్ళికార్డు చేతికిచ్చినా ముందు అందులో తప్పులు వెతుకుతానని మా అక్క దెప్పుతుంది. బావది నాకు పూర్తిగా ఎదురు స్వభావం. పది మాటలకు ఒక మాట బదులిచ్చే మనిషి. ముప్పై ఏళ్ళు పట్టుపురుగులు పెంచాడు. పురుగులకు గాలి ఆడాలి గానీ ఎండపొడ తగలకూడదు, మసక వెలుతురు చాలు. అందుకని ఆయన షెడ్డు కిటికీలకు ఎప్పుడూ గోనెపట్టలు వేలాడుతుండేవి. ఎవరైనా తలుపు బార్లా తీసిపెడితే, అంత నెమ్మదస్తుడూ కసిరేవాడు. అలాంటి మనిషి ఒక ఏడు ఉన్నట్టుండి పురుగులు మానేశాడు. బోరులో నీళ్ళు తగ్గాయి, మల్బరీ ఎండుతోంది అన్నాడు. అదే బోరు నీళ్ళతో పక్క మడిలో టమాటా పచ్చగా ఉండటం నేను చూశాను. చూసి కూడా అడగలేదు.

ఖాళీగా కూర్చున్న ఆ మనిషి చేతికి ఈ తొట్టి వచ్చింది. కుప్పంలో ఒక లెక్చరరు ఆయనకు పాత స్నేహితుడు. బదిలీ మీద వెళ్ళిపోతూ, ఇంట్లో ఉప్పునీటి తొట్టిలో పెంచుకున్న పగడాలను ఎవరికైనా ఇచ్చేయాలని చూస్తున్నాడు. బావ, నేను కలిసి వెళ్ళాం. మూడడుగుల తొట్టి, అడుగున తెల్లటి ఇసుక, నాలుగు రాళ్ళు. రాళ్ళ మీద గుండీల్లా విచ్చుకున్న చిన్న పగడాలు, ఒక రాయి మీద మాత్రం పిడికిలి మూసి తెరుస్తున్నట్టు కదిలే పగడం ఒకటి. అవి రాళ్ళు కావు, పూలు కావు, ప్రాణమున్న జీవులు అని లెక్చరరు చెబుతుంటే బావ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఎంతసేపటికీ కదల్లేదు. ముచ్చటపడ్డాడనుకున్నాను. అంత దగ్గరికి వెళ్తే గానీ కనపడదేమోనన్న ఆలోచన నా బుర్రలోకి రాలేదు.

లెక్చరరు తొట్టి ఇచ్చాడు గానీ లైటు ఇవ్వలేదు, దాన్ని అప్పటికే ఇంకెవరికో మాటిచ్చేశాడట. పగడాలను మూతబకెట్లలో పెట్టుకుని పుంగనూరు చేరేసరికి అన్నీ ముడుచుకుపోయాయి. నాకు కంగారు పుట్టింది. వెంటనే ఏదో ఒక బల్బు వేలాడదీద్దామన్నాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"జ్వరానికి కూసున్యాయిలే. కదిలించొద్దు," అన్నాడు.

పట్టుపురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండిపోతుంది. దాన్నే రైతులు జ్వరమంటారు. ఆ వేళలో ఆకు వెయ్యరు, తట్ట కదపరు. పగడాలకూ అదే వైద్యమా అని నేను నవ్వాను. మూడోనాడు గుండీలన్నీ విచ్చుకున్నాయి. నా నవ్వు నాకే వెనక్కి తిరిగొచ్చింది.

ఇక లైటు నా వంతు. పగడాలకు కావలసిన నీలం వేరు, మన కంటికి కావలసిన తెలుపు వేరు. తెలుపు ఎక్కువైతే రాళ్ళకు నాచు పడుతుంది. ఇరవైనాలుగు నీలం ఎల్ఈడీలు, పన్నెండు తెల్లవి, నీటికి తొమ్మిది అంగుళాల ఎత్తున. నీలం పొద్దున పదింటికే వెలగాలి, తెలుపు మిట్టమధ్యాహ్నం రెండు గంటలు మాత్రమే. వేడి లాగేయడానికి అల్యూమినియం పట్టీ కావాలి. మదనపల్లెలో కిటికీ ఫ్రేములు చేసే సాయిబు దగ్గర చానెల్ ముక్కలు కోయించాను. ఆయన దాన్ని అంగడి బోర్డుకనుకుని, అక్షరాలు ఏ భాషలో రాయిస్తావమ్మా అని అడిగాడు.

ప్లాను కాగితం తీసుకెళ్ళి బావ ముందు పరిచాను. ఆయన కాగితాన్ని చేత్తో తడిమాడు, చూడలేదు. తెల్లవి ఇంకొన్ని పెట్టకూడదా అన్నాడు. కూడదన్నాను. పోనీ పొద్దుగూకులూ వెలగకూడదా అన్నాడు. కూడదన్నాను. తర్వాతి వారం మళ్ళీ అదే పాట. గోనెపట్టల మనిషికి ఇప్పుడు వెలుతురు పిచ్చి పట్టిందేమిటని అక్కతో హాస్యమాడాను. మూడోసారి అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది.

"యాలమ్మా ఇంత చీకటి చేస్తాండావు?" అన్నాడు బావ.

"లైటు నీ కంటికి కాదు బావా, వాటికి," అన్నాను.

ఆయన కాగితాన్ని మడత పెట్టి నా చేతికిస్తూ, "సరేమ్మా. వాటికే కానీ," అన్నాడు.

లైటు బిగించింది ఒక ఆదివారం మధ్యాహ్నం. రంగులు బాగా తెలుస్తాయని అక్క కిటికీలు మూసింది. నీలం వెలగగానే పగడాలు ఆకుపచ్చగా, నారింజగా మెరిశాయి. నా పనితనానికి నేనే పొంగిపోయాను. బావ కుర్చీ లాక్కుని తొట్టి ఎడమ మూల దగ్గర కూర్చున్నాడు. ముందుకు వంగి, "శానా బాగుండాది. సూడు, పిడికిలి మూసి తెరస్తాండాది," అన్నాడు.

ఎడమ మూలలో ఉత్త ఇసుక ఉంది. లైటు బిగించడానికి అడ్డమని పిడికిలి పగడమున్న రాయిని అక్క పొద్దున్నే కుడి మూలకు జరిపింది. అప్పుడు ఆయన ఇంట్లో లేడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, మాట్లాడొద్దని. కానీ తప్పు కనపడితే ఆగే నోరా నాది.

"బావా, అది ఈ పక్కనుండాది," అనేశాను.

ఆయన వీపు బిగుసుకోవడం చూశాను. అద్దం మీద చెయ్యి పెట్టి, మెల్లగా కుడివైపుకు జరిపి, "అట్లనా," అన్నాడు. అక్క కిటికీలు తెరిచింది. ఆ క్షణంలో నా నాలుక కోసుకోవాలనిపించింది.

తర్వాత ఆయనే చెప్పాడు, నేల చూస్తూ. మొదట మసకలో కనపడటం తగ్గింది. ఆ తర్వాత పక్కనున్నవి పోయాయి. బెంగళూరులో డాక్టరు మీ అమ్మానాన్నలకు ముందే చుట్టరికముందా అని అడిగాడట. అమ్మను మేనమామకే ఇచ్చినారు అని చెబితే, తలూపి, దీనికి మందు లేదన్నాడట. షెడ్డులో పురుగులకు జబ్బు తగిలితే మొదటి రోజే పసిగట్టి ఏరిపారేయాలి. ఆయనకు కనపడలేదు. ఒక పంట పంటంతా ఆ మసకలోనే చచ్చిపోయింది. మానేసింది అందుకు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. పొద్దుగూకితే ఆయన బండి తీయకపోవడం, గడప దగ్గర కాలితో తడుముకోవడం తను గమనిస్తూనే ఉందట. అడిగితే నిజమవుతుందని అడగలేదట.

"నీలం లైటులో నాకు తొట్టంతా నల్లగానే ఉండాదమ్మా. నువ్వు అంత కష్టపడి చేస్తివి, సెప్పబుద్ధి కాలా," అన్నాడు నాతో.

నేను ఆ ప్లానును అక్కడే చింపేశాను. మర్నాడు సెలవు పెట్టి కొత్తది గీశాను. పైన పాత లైటును ఉండనిచ్చి, చూసే వైపు నుంచి, అద్దానికి ముందుగా, తెల్లవి మరో వరుస వేరే స్విచ్చుతో పెట్టాను. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా అది బావ గంట. కొత్త వెలుతురు ఒక్కసారిగా తగిలితే పగడాలు పాలిపోతాయి, ఏం చేయాలో నాకు తోచలేదు. దారి బావే చూపించాడు. పసిపురుగుల తట్టల మీద కప్పే మైనపు కాగితం షెడ్డులో ఇంకా చుట్టలు చుట్టలుగా ఉంది. ఆరు పొరలు లైటుకు అడ్డం కట్టి, వారానికొక పొర తీశాం. ఒక్క పగడమూ రంగు పోలేదు. నాచు మాత్రం పట్టింది. అక్క పాత టూత్‌బ్రష్‌తో రుద్దేది, ఒక్కనాడూ విసుక్కోలేదు.

ఐదు దాటాక బావ ఫోన్ చేసేవాడు. ఎన్ని గుండీలు కొత్తగా పుట్టాయో, ఏది ఎటు వాలిందో చెప్పేవాడు. అంత మాటకారి ఆయనలో ఎక్కడ దాగి ఉన్నాడో నాకిప్పటికీ తెలియదు. ఒకసారి ఎంత మేర కనపడుతోందని అడిగాను. గాజంత అన్నాడు. మరుసటి ఏడు అడిగితే ఉంగరమంత అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు. ఆయన ఫోన్లు కూడా పొట్టివైపోయాయి.

ఈ ఎండాకాలం ముందు ఒకరోజు, ఆదివారం స్క్రూడ్రైవరు తీసుకుని రమ్మన్నాడు. వెళ్ళాను.

"ఆ తెల్లలైటు తీసేయమ్మా," అన్నాడు.

నాచు గురించేమోనని, అక్క రుద్దుతూనే ఉంది కదా బావా అన్నాను.

"నాచుకు కాదు. ఇంక నాకు పనిలేదు," అన్నాడు. స్టూలు నా వైపు జరుపుతూ, "వాటికే కానీ," అన్నాడు.

అంతే చెప్పాడు. నేను ఏడవలేదని అంటే అబద్ధమవుతుంది. స్టూలెక్కాను. ఆయన స్టూలు కాళ్ళు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు స్క్రూలు తీసి తెల్లని వరుస కిందికి దించాను. మిగిలింది మొదట నేను గీసిన లైటే. నీలం వెలిగింది. ఆ రోజు పగడాలు అంతకుముందు ఎన్నడూ లేనంతగా విచ్చుకున్నాయి.

బావ కుర్చీ వెతుక్కుని ఎడమ మూల దగ్గరే కూర్చున్నాడు. పిడికిలి మూసి తెరిచే పగడం యా పక్కనుండాదని అడగలేదు. చూపుడువేలు తిన్నగా అద్దం మీద ఆనించాడు. ఎప్పుడు జరిపిందో గానీ, అక్క ఆ రాయిని మళ్ళీ ఎడమ మూలకే తెచ్చి పెట్టింది. ఈసారి దిద్దడానికి నాకేమీ లేదు. ఆయన వేలు సరిగ్గా దాని మీదే ఉంది.